ఉత్తి గుటక

భయపడటానికి వరహాలమ్మకి పెద్ద కారణం ఉండక్కర్లేదు. ఫ్యాను కిర్రుమంటే ఊడి పడుతుందనుకునేది. ఫోను మోగితే చావు కబురనుకునేది. మోగకపోతే చెప్పడానికి కూడా ఎవరూ మిగల్లేదనుకునేది. బళ్ళో నూట ఎనభైమంది పిల్లలకి మధ్యాహ్నం వంట చేసే మనిషి కనక, ప్రతిరోజూ పప్పులో బల్లి పడినట్టు ఊహించుకుని గరిటె రెండుసార్లు తిప్పి చూసేది. ఏడు నెలల కిందట కొడుకు ఎక్కిన ఆటో బోల్తా పడిందని తెలిసినప్పుడు మాత్రం ఆమె ఏడవలేదు. ఇన్నాళ్ళూ ఎదురుచూసింది వచ్చేసినట్టు అలా కూర్చుండిపోయింది.

కొడుకు పేరు సన్యాసిరావు. ఇరవై నాలుగేళ్ళు. బీచి రోడ్డులో నిమ్మసోడా బండి పెట్టుకున్నాడు. మెడ వెనక దెబ్బ తగిలి బతికి బయటపడ్డాడు గానీ, మింగడం పోయింది. కాళ్ళూ చేతులూ ఆడతాయి, మాట వస్తుంది, ఆకలి వేస్తుంది. గొంతు మాత్రం మింగడం ఎలాగో మరిచిపోయింది. నోట్లో ఊరిన ఉమ్మి కూడా లోపలికి పోదు. ఒళ్ళో ఎప్పుడూ ఓ తువ్వాలు ఉండాల్సిందే.

ఆ సోమవారం పొద్దున్న వరహాలమ్మ వడగట్టిన జావని ముక్కు గొట్టంలోంచి కొంచెం కొంచెంగా పంపుతోంది.

"ఉప్పెక్కువైపోనాది," అన్నాడు సన్యాసిరావు.

"అయ్యో, నిజమేనేటి?" ఆమె చెంచాతో జావ తీసి నోటిదాకా తెచ్చుకుని ఆగిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది, గొట్టంలోంచి పోయేదానికి రుచేమిటని. "ఎదవ. నన్ను ఆడించుకుంతన్నావు."

"నోటిదాకా తెచ్చి ఎందుకాపినావు? రుచి సూడొచ్చు గదా."

"ఇయ్యాల సోమారం."

సన్యాసిరావు తువ్వాల్లో ఉమ్మి మొహం పక్కకి తిప్పుకున్నాడు. కొడుక్కి గుక్కెడు నీళ్ళు దిగేదాకా, ప్రతి సోమవారం పొద్దు గుంకేవరకూ తన గొంతులో నీటిచుక్క దిగనివ్వనని అమ్మ శివుడికి మొక్కుకున్న సంగతి అతనికి తెలుసు. "ఆ దేవుడు అడిగినాడా నిన్ను?" అన్నాడు.

"అడగనేదు. అడిగేదాకా ఆగకూడదు."

ఆ రోజు నాలుగు గంటలకి అతని మెడకి మింగడం నేర్పే పట్టీ కడతారు. పని చేస్తే సరే. చెయ్యకపోతే మర్నాడు ఆస్పత్రిలో పొట్టకి కన్నం పెట్టి గొట్టం వేస్తారు. ముక్కు గొట్టం ఇంక ఉంచకూడదన్నారు. పొట్ట గొట్టం పడ్డవాళ్ళని ఈ ప్రయోగంలోకి తీసుకోరు. కాబట్టి ఇవాళే.

*

ల్యాబ్ మూడో అంతస్తులో ఉంది. లిఫ్టులో ఇరుక్కుపోతామని వరహాలమ్మ మెట్లెక్కి వచ్చింది. ఏడు నెలలుగా ఉత్తి జావతో నీరసించిపోయిన కొడుకుని చక్రాల కుర్చీలో లిఫ్టెక్కించి, తను పైకి వచ్చేదాకా ప్రతి మలుపులోనూ "వొచ్చినావా బాబూ?" అని కేకేసింది.

మింగుడు పట్టీని తయారుచేసింది డాక్టర్ పట్నాయక్. జామెట్రీ పెట్టెలో పట్టేంత వస్తువు. ఒక మనిషి మింగుతున్నప్పుడు నాలుక, గొంతు, ఊపిరి ఏ వరసలో కదులుతాయో పట్టుకుని, ఆ వరసనే మింగలేని మనిషి నరాలకి చిన్న చిన్న షాకులతో నేర్పుతుంది. గొంతుల అమరిక కలవాలి కాబట్టి నేర్పేది సొంత రక్తం అయితేనే పనికొస్తుంది. సన్యాసిరావుకి వరహాలమ్మ తప్ప ఎవరూ లేరు. అందుకని నాలుగు నెలలుగా ఆమె మింగుడే అక్కడ కొలతల్లో పడుతోంది.

సాఫ్ట్‌వేరు పని మెర్సీది. చీరాల పిల్ల. ఇరవై ఆరేళ్ళకే కళ్ళ కింద నల్లటి వలయాలు. ఆమె పనిని నాలుగు ప్రాజెక్టులుగా విడగొట్టింది. నాలుక ఒకటి, గొంతు ఒకటి, ఊపిరి ఒకటి. ఈ మూడింటినీ కలుపుకునే పట్టీ నాలుగోది. విడివిడిగా నాలుగూ బాగున్నాయి. ఒకదానికొకటి లింకు చేసి ఒక్కటిగా తయారుచెయ్యబోతే మాత్రం తెర నిండా తప్పులు చూపే ఎర్ర గీతలు.

"ఎన్నొచ్చినాయి పాపా?" అంది వరహాలమ్మ, మెర్సీ కుర్చీ వెనకాలే నిలబడి.

"నలభై ఒకటమ్మా."

"మొన్న ముప్పై అన్నావు గదా. పెరిగినాయా?"

"ఒకటి సరిచేస్తే దాని వెనకాల దాక్కున్నవి బయటికొస్తాయి. ఒక్కోసారి పెరగడం మంచిదేనండీ."

పెరగడం మంచిదని ఏ డాక్టరూ ఏ రోగం గురించీ చెప్పగా వరహాలమ్మ వినలేదు. పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నా పాత లాప్‌టాప్‌లో ఒక్క గీత కూడా రాదు," మెర్సీ తనలో తను అనుకుంటున్నట్టు చెప్పింది. "ఈ ల్యాబ్ కంప్యూటర్‌లోకి తెస్తే, గొంతు ఎక్కడుందో తెలీదంటోంది. పట్టీలోకి ఎక్కించాలంటే దీన్నుంచే ఎక్కించాలి."

"ఆ పాతదాంతోనే ఎక్కించీరాదా తల్లీ?"

"దానికి అనుమతి లేదమ్మా. అయినా అక్కడెందుకు రావట్లేదో తెలీకుండా ఎక్కిస్తే నాకు నిద్ర పట్టదు."

ఆ ఒక్క మాటకి వరహాలమ్మకి ఆ పిల్ల మీద నమ్మకం కుదిరింది. తనలాగే భయపడేవాళ్ళు లోకంలో ఇంకొకరున్నారు.

పదకొండుకి మెర్సీ నుదురు కొట్టుకుంది. పట్టీ ప్రాజెక్టులో గొంతు చిరునామా రాసేటప్పుడు తన సొంత లాప్‌టాప్‌లోని ఫోల్డరు చిరునామా రాసేసింది. "ఇంట్లో అలమరా మూడో అరలో ఉందని రాసి, ఆ చీటీ తీసికెళ్ళి పరాయివాళ్ళింట్లో ఇచ్చానన్నమాట. వాళ్ళు మాత్రం ఎక్కడని వెతుకుతారు," అంది. చిరునామా మార్చింది. నలభై ఒకటి కాస్తా రెండయ్యాయి.

వరహాలమ్మ రెండు చేతులూ జోడించబోయింది. మెర్సీ మొహం చూసి మళ్ళీ దించేసింది.

"ఏటయింది?"

మెర్సీ నవ్వింది, ఓపికలేని నవ్వు. "ఊపిరి తయారైతేగానీ నేను తయారవనంటోంది గొంతు. గొంతు తయారైతేగానీ నేను తయారవనంటోంది ఊపిరి. ముందు మీరంటే ముందు మీరని ఇద్దరూ గుమ్మంలో నిలబడ్డారు. ఎవరూ లోపలికి రారు."

"మరి నీ పాతదాంట్లో ఎలగొచ్చినారు?"

మెర్సీ వెనక్కి తిరిగి ఆమెని ఒకసారి తేరిపార చూసింది. "మంచి ప్రశ్నమ్మా అది." కాసేపు ఏవేవో తెరిచి చూసింది. "అక్కడ ఎప్పుడో తయారైపోయిన గొంతు ముక్క ఒకటి పడుంది. ఊపిరి దాన్నే పట్టుకుని వేలాడుతోంది. అందుకే ఇన్నాళ్ళూ ఈ మెలిక బయటపడలేదు."

"మా బళ్ళో అయితే పప్పు దిగితేగానీ పొయ్యి ఖాళీ అవదు, పొయ్యి ఖాళీ అయితేగానీ అన్నం ఎక్కదు. ఎవరో ఒకరు తగ్గాల."

"తగ్గరండీ వీళ్ళు. ఇద్దరికీ కావాల్సినదాన్ని విడిగా తీసి మూడోచోట పెట్టాలి. అప్పుడిద్దరూ ఒకళ్ళనొకళ్ళు అడక్కుండా దాన్నే అడుగుతారు." ఇద్దరికీ కావాల్సింది ఒకటే. గుటక పడేటప్పుడు ఊపిరి ఎంతసేపు ఆగాలన్న కొలత. మెర్సీ ఐదో ప్రాజెక్టు తెరిచి దానికి 'తాళం' అని పేరు పెట్టింది. పాటకి తాళంలా అంది.

*

వరండాలో సన్యాసిరావు కిటికీలోంచి కింద రోడ్డు మీద చెరకు రసం బండిని చూస్తున్నాడు. గానుగ తిప్పేవాడు ఒక్కో గ్లాసూ నింపి ఇస్తుంటే లెక్కపెడుతున్నాడు.

"ఎండకి బాగా లాగుతోంది బేరం," అన్నాడు. "నా బండి తుప్పట్టిపోయుంటాది."

"కప్పెట్టినాను పట్టా."

"గాలికి ఎగిరిపోతాదని రాళ్ళు కూడా పెట్టుంటావు."

"ఆరు రాళ్ళు."

అతను నవ్వబోయి తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకున్నాడు. నవ్వితే ఉమ్మి అడ్డం పడుతుంది. దగ్గు ఆగేదాకా ఆమె వీపు రాస్తూనే ఉంది. ఒక్కో దగ్గుకీ ఇదే ఆఖరుదేమో అనుకుంటూ రాసింది.

రెండున్నరకి లోపల్నించి మెర్సీ పిలిచింది. తెరమీద ఎరుపు లేదు. చివరి వరసలో సున్నా కనబడుతోంది. డాక్టర్ పట్నాయక్ ఆమె వెనక నిలబడి పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నారు. నెమ్మదస్తుడు. ఆయన వచ్చేది సోమవారాలే.

"అయిపోయిందమ్మా," అంది మెర్సీ. గొంతులో సంతోషం కన్నా అలసటే ఎక్కువుంది. "తాళంలో పెట్టడానికి గొంతూ ఊపిరీ కలిపి ఒకేసారి తీసిన కొలత కావాలి. ఛాతీకి కట్టే ఊపిరి పట్టా డాక్టరుగారు ఉన్నప్పుడే వాడాలి కదా, మీరేమో ఆ తర్వాత సోమవారాలు రాలేదు, అందుకని ఒక్కటే ఉంది. మొట్టమొదటి రోజుది. మిగతా రోజులు నేనొక్కదాన్నే గొంతు మాత్రం తీశాను."

"మొదటి రోజుదా," అంది వరహాలమ్మ.

"ఎంత శుభ్రంగా వచ్చిందో చూడండి," పట్నాయక్ తెరమీద అలల్ని చూపించారు. "ఇరవై గుటకలు. అన్నీ ఒకేలా. నీళ్ళ గలగల కూడా లేదు."

వరహాలమ్మ కిటికీ పక్క పూలకుండీకేసి చూసింది.

ఆ రోజు కూడా సోమవారమే. మెర్సీ స్టీలు కప్పులో నీళ్ళు పోసి, ఒక్కో గుక్కా తాగమంది. వద్దని చెబితే కొడుకుని జాబితాలోంచి తీసేస్తారని భయం. తాగితే మొక్కు తప్పుతుందని భయం. రెండు భయాల మధ్య ఆమెకి ఒక ఉపాయం దొరికింది. కప్పు ఎత్తి, పెదాలు బిగించి, నీళ్ళు మూతికి తగలనిచ్చి, ఉత్తి గుటక వేసింది. మెర్సీ కళ్ళు తెర మీద ఉన్నాయి. ఇరవైసార్లు అలాగే చేసి, కప్పు తీసికెళ్ళి పూలకుండీలో వంపేసింది. గుటక గుటకే కదా అనుకుంది. నాలుగు నెలల్లో మళ్ళీ ఆ సంగతి తలుచుకోలేదు.

ఇప్పుడు కొడుకు గొంతుకి నేర్పబోయేది ఆ ఇరవై అబద్ధాలే.

*

చెప్పెయ్యాలి. చెబితే ఏమవుతుంది? నాలుగు నెలలు పాడుచేశావని ఇంటికి పంపేస్తారు. రేపు పొద్దున్నే పొట్ట కోస్తారు. చెప్పకపోతే? ఏమీ అవకపోవచ్చు. ఇంత చదువుకున్నవాళ్ళు బాగుందన్నారు. సున్నా అని తెరే చెబుతోంది. తనకేం తెలుసని? తను భయపడినవాటిలో నూటికి తొంభైతొమ్మిది జరగలేదు. లిఫ్టు ఆగలేదు. ఫ్యాను ఊడలేదు. ఇదీ అంతే అయ్యుండొచ్చు.

నాలుగైంది. సన్యాసిరావు మెడకి పట్టీ కట్టారు. పట్నాయక్ చెంచాలో నీళ్ళు పోశారు.

"ఆపండి బాబూ," అంది వరహాలమ్మ.

పట్నాయక్ నవ్వారు. "వరహాలమ్మగారూ, మీరు భయపడని రోజేదో చెప్పండి. ఆ రోజు మేం భయపడతాం."

"బయ్యం కాదు బాబూ. నాను తప్పు సేసినాను."

చెంచా అలాగే గాల్లో ఆగింది.

"మొదటి రోజు నాను నీళ్ళు తాగనేదు. మొక్కు. కప్పు ఎత్తినాను, దించినాను. లోపలికి పోనియ్యనేదు. అయ్యన్నీ ఉత్తి గుటకలు."

మెర్సీ కుర్చీలో మెల్లగా వెనక్కి వాలింది. "నాలుగు నెలలమ్మా," అంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కళ్ళు మూసుకుని రెండు అరచేతులూ మొహం మీద పెట్టుకుంది.

పట్నాయక్ చెంచాని జాగ్రత్తగా పళ్ళెంలో పెట్టారు. "ఉత్తి గుటకకి ఊపిరి ఆగాల్సింది చాలా తక్కువ," అన్నారు. "నీళ్ళకి ఎక్కువసేపు ఆగాలి. ఆ చెంచా నోట్లో పోసుంటే, నీళ్ళింకా గొంతులో ఉండగానే ఊపిరి తలుపు తెరుచుకునేది." అంటే నీళ్ళు నేరుగా ఊపిరితిత్తుల్లోకి.

ఆటో బోల్తా తర్వాత వరహాలమ్మ భయం నిజమవడం ఇది రెండోసారి. ఆ భయం మాట వాళ్ళు విన్నారు. అయినా దాన్లో ఏ ఊరటా లేదు.

"ఐదింటిదాకా ఉంటాను నేను," పట్నాయక్ గడియారం చూసి అన్నారు. "ఊపిరి పట్టా ఇక్కడే ఉంది. ఇప్పుడు మళ్ళీ తీద్దాం. ఇరవై గుటకలు. ఈసారి నీళ్ళతో."

మెర్సీ చేతులు దించి తెరవైపు తిరిగింది. "తాళం ఒక్కటే మారిస్తే చాలు. మిగతావి కదపక్కర్లేదు. విడిగా తీసి పెట్టబట్టి సరిపోయింది."

స్టీలు కప్పు వచ్చింది. అదే కప్పు. వరహాలమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని అలాగే ఉండిపోయింది.

"తాగండమ్మా," అంది మెర్సీ.

"ఇయ్యాల సోమారం తల్లీ. ఆడు తాగీదాకా నాను తాగనన్నాను." "ఇన్నాళ్ళూ ఆణ్ణి నిలబెట్టింది ఆ మొక్కే. అది తప్పినాక ఆడికేటన్నా అయితే..."

"అమ్మా," అన్నాడు సన్యాసిరావు. మెడకి పట్టీతో, ఒళ్ళో తువ్వాలుతో, చక్రాల కుర్చీలోంచి. "నాను తాగితేగానీ నువ్వు తాగవు. నువ్వు తాగితేగానీ నాను తాగలేను. ఆ పాప పొద్దుట నీకు సెప్తంటే వరండాలోంచి ఇన్నాను, గుమ్మంలో నిలబడ్డోళ్ళ కత. మనిద్దరం ఆ గుమ్మంలోనే సచ్చిపోదుమేటి?"

తువ్వాల్లో ఉమ్మేశాడు. మూతి తుడుచుకున్నాడు. "దేవుడుతో నాను మాటాడుకుంతాను. తాగు."

వరహాలమ్మ కప్పు ఎత్తింది. నీళ్ళు నోట్లోకి వచ్చాయి. నాలుక మీద చల్లగా, స్టీలు వాసనతో నిలబడ్డాయి. మింగబోయి ఆగింది. కళ్ళు పైకి లేచి గది కప్పుకేసి ఒక్క క్షణం చూశాయి, తప్పు కాయమన్నట్టు. అప్పుడు మింగింది.

"ఒకటి," అంది మెర్సీ.

రెండోదానికీ అలాగే ఆగింది. మూడోదానికీ. "అమ్మా, ఆ ఆగడం వద్దు. నోట్లో పోసుకోగానే మింగెయ్యండి."

"మింగుతన్నానమ్మా. ఆగకుండా రాటం నేదు."

"పోనివ్వు, టైము లేదు," అన్నారు పట్నాయక్.

ఇరవై అయ్యాయి. మెర్సీ మళ్ళీ అన్నిటినీ కలిపింది. ఏడు ఎర్ర గీతలు. పేరు ఒకచోట మార్చి ఇంకోచోట మార్చడం మరిచిపోయింది. దాన్ని సరిచేస్తే రెండు. తర్వాత సున్నా. నాలుగూ నలభై ఐదుకి చెంచా మళ్ళీ లేచింది.

సన్యాసిరావు నోట్లోకి నీళ్ళు వెళ్ళాయి. ఏమీ జరగలేదు. వరహాలమ్మ చేతిలో పమిట చెంగు నలిగిపోయింది. అతని కళ్ళు మెల్లగా పైకి లేచి గది కప్పుకేసి ఒక్క క్షణం చూశాయి. అప్పుడు గొంతు మీద ఎముక పైకెక్కి, కిందకి దిగింది.

"ఆ అనవయ్యా," అన్నారు పట్నాయక్.

"ఆ." ఎక్కడా నీటి బుడగ లేని శుభ్రమైన గొంతు. ఏడు నెలల తర్వాత.

"ఎలగుంది బాబూ?" అంది వరహాలమ్మ.

"సప్పగుంది," అన్నాడు నిమ్మసోడా సన్యాసిరావు. మెర్సీ కీబోర్డు మీద తల పెట్టుకుని నవ్విందో ఏడ్చిందో ఎవరికీ తెలీలేదు.

*

పొట్ట కొయ్యలేదు. మూడో వారానికి ముక్కు గొట్టం తీసేశారు. సన్యాసిరావు జావ తాగాడు, తర్వాత మెత్తటి అన్నం తిన్నాడు. ఒక సాయంత్రం ఆరు రాళ్ళూ తీసి బండి మీది పట్టా దులిపాడు.

కానీ ప్రతి గుటకకీ ఆగుతాడు. నోట్లో నీళ్ళు పోసుకుంటాడు, కళ్ళు పైకి లేస్తాయి, చెయ్యరాని పని చేస్తున్నవాడిలా ఒక్క క్షణం ఉండి, అప్పుడు మింగుతాడు. స్నేహితులతో టీ తాగినా అంతే. గుటకకి గుటకకీ. ఇదివరకు ఎటూ చూడకుండా గ్లాసు ఖాళీ చేసేసే కుర్రాడు, లోకంలో దేనికీ జంకనివాడు.

"బయ్యమేస్తందేటి బాబూ?" అని అడిగింది వరహాలమ్మ ఒకరోజు.

"నాకేటి బయ్యం. ఇది నాది కాదు, నీది," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

మెర్సీకి ఫోను చేసింది. తీసెయ్యొచ్చంది మెర్సీ. ఎప్పుడైనా వచ్చి ఆగకుండా ఇరవై గుటకలు మింగి చూపిస్తే, తాళం ఒక్కటీ మార్చి మళ్ళీ లింకు చేస్తానంది. "కంగారేం లేదమ్మా. ఎప్పుడు వీలైతే అప్పుడే," అంది. ఆ పిల్ల ఇప్పుడు ఇంకెవరిదో గొంతు పని చూస్తోంది. దానికి అరవైమూడు ఎర్ర గీతలు వచ్చాయిట.

వరహాలమ్మ బడికి వెళ్ళే ముందు వంటింట్లో గోడకి వేలాడే చిన్న అద్దం ముందు నిలబడుతుంది. గ్లాసు నిండా నీళ్ళు పోసుకుంటుంది. సోమవారం కూడా. నోట్లో పోసుకోగానే మింగెయ్యాలి. పైకి చూడకూడదు. ఏమవుతుందో అనుకోకూడదు. ఇరవై లెక్కపెడుతుంది.

నిన్న ఏడుదాకా వచ్చింది. ఇవాళ నాలుగోదానికే, వాకిట్లో ఏదో సైకిలు పడిన చప్పుడైంది. నోట్లో నీళ్ళు అలాగే ఉండగా అద్దంలో తన కళ్ళు పైకి లేవడం చూసింది. చప్పుడు ఆగాక, మింగి, గ్లాసు మళ్ళీ నింపుకుని, ఒకటి అంది.